చరఖాకు పన్ను పడుతుందా?

1921 మార్చి 31న, ఏప్రిల్ 1న బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయాలని, కోటిమందిని సభ్యులుగా చేర్చాలని, దేశంలో 20 లక్షల చరఖాలు తిరగాలని తీర్మానించింది. పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా చూపింది అప్పుడే కాబట్టి విజయవాడలో ఆ జెండా ముచ్చటే ఎక్కువగా వినిపిస్తుంది. చరఖాల సంగతి ఎవరికీ అంతగా పట్టదు. పన్నుల చట్టం మీద ఆసక్తి ఉన్నవారికి మాత్రం అసలు కథ అక్కడే ఉంది.

1925లో కాంగ్రెస్ చొరవతో, గాంధీజీ నాయకత్వంలో అఖిల భారత చరఖా సంఘం ఏర్పడింది. పేదలకు పత్తి ఇచ్చి నూలు వడికించడం, బట్ట నేయించడం, ఖద్దరు అమ్మడం దాని పని. ఆదాయం కనిపించగానే పన్నుల శాఖ తలుపు తట్టింది. ఇది రాజకీయ పార్టీకి అనుబంధ సంస్థ కదా, ధర్మకార్యం ఎలా అవుతుందన్న వాదన పుట్టింది. వివాదం లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. పేదలకు పని కల్పించడమే సంఘం ముఖ్యోద్దేశమని, కాంగ్రెస్‌తో సంబంధం ఉన్నంత మాత్రాన అది రాజకీయ ప్రయోజనం కాదని 1944లో తీర్పు వచ్చింది. క్విట్ ఇండియా వేడి ఇంకా చల్లారకముందే సామ్రాజ్యపు పైకోర్టు ఖద్దరు పక్షాన నిలబడటం నాకిప్పటికీ వింతగానే ఉంటుంది.

ఆనాటి 1922 ఆదాయపు పన్ను చట్టంలో ధర్మకార్యమంటే పేదలకు సాయం, విద్య, వైద్యం, ప్రజలకు మేలుచేసే ఇతర పనులు. 1961 చట్టంలోనూ ఆ మాటలు కొన్ని చేర్పులతో కొనసాగాయి. 2025లో వచ్చిన కొత్త చట్టం సెక్షన్ల అంకెలను మార్చింది గానీ, ఆడిటర్ల నోట 12ఏ (ట్రస్టుకు పన్ను మినహాయింపు), 80జీ (దాతకు పన్ను తగ్గింపు) అన్న మాటలు అంత తొందరగా పోవు.

గుంటూరు అరండల్‌పేటలో ఒక ట్రస్టు ఉందనుకుందాం. వేసవిలో చలివేంద్రం పెడితే పేచీ లేదు. తాగునీటి పైపులు మార్చాలని కలెక్టరుకు అర్జీ ఇచ్చినా, ఊరేగింపు తీసినా అది ప్రజాహితం కిందికే వస్తుందని గట్టిగా వాదించవచ్చు. ఎన్నికల ముందు ఆ చలివేంద్రం పందిరి మీద ఒక అభ్యర్థి ఫ్లెక్సీ వెలిస్తే? మన చట్టంలో దీనికి సూటి జవాబు వెతకడం కష్టం. ట్రస్టు ఉద్దేశాలు ఏమిటి, డబ్బు దేనికి ఖర్చయింది అన్నవి చూసి అధికారి తేల్చాలి. అమెరికాలో గీత సూటిగానే ఉంది. 1954లో సెనేటర్ లిండన్ జాన్సన్ తెచ్చిన సవరణ ప్రకారం అక్కడి పన్ను చట్టంలోని 501(సీ)(3) సెక్షన్ కింద ఉన్న ధార్మిక సంస్థలు ఏ అభ్యర్థికీ అనుకూలంగా గానీ వ్యతిరేకంగా గానీ ప్రచారం చేయకూడదు.

ఇంతకీ ఈ గొడవంతా పన్ను కోసమేనా? ట్రస్టుకు పది లక్షలు వచ్చి, పది లక్షలూ ఖర్చయిపోతే పన్ను వేయడానికి మిగిలేదే తక్కువ. అసలు విలువ రెండుచోట్ల ఉంది. ఒకటి, దాతకు దక్కే పన్ను తగ్గింపు. రెండోది, దాత పేరు బయటపడకపోవడం. రాజకీయాలు నడిపే సంస్థలకు ముద్దొచ్చేది ఈ రెండోదే.

అమెరికాలో 501(సీ)(4) సంస్థలను, అంటే సమాజ సంక్షేమం పేరిట పన్ను మినహాయింపు పొందేవాటిని చూస్తే ఇది తెలుస్తుంది. వీటికి విరాళమిచ్చేవారికి పన్ను తగ్గింపు రాదు. అయినా డబ్బు వెల్లువెత్తింది. చట్టంలో ‘పూర్తిగా’ సమాజ సంక్షేమానికే అని ఉంటే, 1959 నిబంధనలు దాన్ని ‘ప్రధానంగా’ అని సడలించాయి. ఆ సందులోంచి ఎన్నికల ప్రచారం దూరింది. దాతల పేర్లు మాత్రం ప్రజలకు చెప్పనక్కర్లేదు. 2010లో అక్కడి సుప్రీంకోర్టు సంస్థలు చేసే ఎన్నికల ఖర్చు మీద ఆంక్షలు ఎత్తేశాక ఈ దారి ఇంకా రద్దీ అయింది. పన్ను మినహాయింపు కోరే దరఖాస్తుల పరిశీలనకు అక్కడి పన్నుల శాఖ ‘టీ పార్టీ’ (సంప్రదాయవాద ఉద్యమం) లాంటి పేర్లను బట్టి ఫైళ్లు పక్కన పెట్టిందని 2013లో బయటపడి పెద్ద దుమారం రేగింది. వామపక్ష సంస్థల పేర్లూ అలాగే వడపోతకు గురయ్యాయని 2017 తనిఖీ నివేదిక చెప్పింది. సంస్థ ఏం చేస్తోందో కొలవడం కష్టమైనప్పుడు గుమాస్తా బోర్డు మీది పేరు చూస్తాడు. ఇందులో కుట్ర కన్నా బద్ధకమే ఎక్కువని నా అనుమానం.

మన దగ్గర రాజకీయానికి వేరే తలుపే ఉంది. 1961 చట్టంలోని 13ఏ సెక్షన్ నమోదైన పార్టీలకు విరాళాల మీద పన్ను లేకుండా చేసింది. లెక్కలు రాయాలి, ఆడిట్ చేయించాలి, 2,000 రూపాయలు దాటితే నగదుగా తీసుకోకూడదు. పాత పన్ను విధానంలో ఉన్న వ్యక్తి చెక్కుతో పార్టీకిచ్చే మొత్తమంతా తన ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. అదే డబ్బు మామూలు ట్రస్టుకిస్తే 80జీ కింద సాధారణంగా సగానికే తగ్గింపు. అన్నదానం కన్నా పార్టీ విరాళానికే చట్టం ఎక్కువ పుణ్యం రాసిపెట్టిందన్నమాట! 2018లో వచ్చిన ఎన్నికల బాండ్లు దాత పేరును ప్రజలకు కనబడకుండా కప్పేశాయి. ఓటరుకు తెలుసుకునే హక్కు ఉందంటూ 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది.

బాండ్లు పోయినా తేడా పోలేదు. అరండల్‌పేట చలివేంద్రానికి 500 రూపాయలిచ్చి 80జీ తగ్గింపు కోరే దాత పేరు, పాన్ లేదా ఆధార్ వంటి గుర్తింపు సంఖ్యతో సహా ట్రస్టు ఆదాయపు పన్ను శాఖకు పంపాలి. ఒక పార్టీకి ఏడాదిలో చెక్కుతో 19,000 రూపాయలిచ్చిన మనిషి పేరు ఎన్నికల సంఘానికి వెళ్లే జాబితాలో ఉండనక్కర్లేదు. ఆ జాబితా 20,000 దాటినవారికే.