ఇంప్లాంట్ చుట్టూ చేరే రోగనిరోధక కణాలు: అపోహలు - వాస్తవాలు

బతికున్న చిట్టెలుక చర్మం కింద ఇంప్లాంట్ (ఒంట్లో అమర్చే కృత్రిమ వస్తువు) పెట్టి, చుట్టూ చేరే కణాలను టూ-ఫోటాన్ మైక్రోస్కోప్‌లో, అంటే లేజర్‌తో కణజాలం లోపలిదాకా చూపే సూక్ష్మదర్శినిలో చూడడం నా పని. నన్ను తరచుగా అడిగేవాటిలో కొన్ని ఇవి.

అపోహ: టైటానియం లాంటివాటిని శరీరం పట్టించుకోదు.

వాస్తవం: శరీరం పట్టించుకోని పదార్థమంటూ లేదు. లోపల పెట్టిన క్షణాల్లోనే రక్తంలోని ప్రొటీన్లు దానికి అతుక్కుంటాయి. గంటల్లో న్యూట్రోఫిల్స్ (ముందుగా పరిగెత్తుకొచ్చే తెల్ల రక్తకణాలు) వస్తాయి, వాటి వెనకే మాక్రోఫేజ్‌లు (పరాయివాటిని మింగే రోగనిరోధక కణాలు). మింగడానికి అలవికానంత పెద్దదైతే మాక్రోఫేజ్‌లు కొన్ని ఒకదానిలో ఒకటి కలిసిపోయి మహాకణాలవుతాయి. కొన్ని వారాలకు దాని చుట్టూ కొలాజెన్ (పోగుల్లాంటి ప్రొటీన్) తొడుగు కట్టుకుంటుంది.

అపోహ: కణాలు గుమిగూడాయంటే ఇంప్లాంట్ ఒంటికి పడనట్టే.

వాస్తవం: అసలు కత్తిగాటుకే కణాలు పరిగెత్తుకొస్తాయి. అందుకే మరో ఎలుకకు అదే కోత పెట్టి, లోపల ఏమీ ఉంచకుండా కుట్టేస్తాం. మొదటిరోజు ఆ రెండింటినీ పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పడం కష్టం. తేడా తర్వాత బయటపడుతుంది: ఉత్త కోత దగ్గర గుంపు పలచబడుతుంది, ఇంప్లాంట్ దగ్గర మాక్రోఫేజ్‌లు తిష్ఠ వేస్తాయి. ఎవరైనా ఒకే ఫొటో చూపించి "చూడండి, ఎంత వాపో" అంటే, అది ఎన్నోరోజుదో, ఉత్త కోత ఫొటో ఏదో అడగండి. ఆ రెండూ లేని ఫొటోను నేను నమ్మను.

అపోహ: తెర మీద మెరిసిందల్లా కణమే.

వాస్తవం: ఇంప్లాంట్లలో వాడే చాలా పాలిమర్లు (ప్లాస్టిక్ లాంటి పదార్థాలు) వాటంతటవే మెరుస్తాయి. పైగా మేం వాడే కొన్ని ఎలుకల్లో న్యూట్రోఫిల్స్ బాగా మెరుస్తూ, మాక్రోఫేజ్‌లు కాస్త మసకగా ఒకే ఆకుపచ్చ రంగులో కనిపిస్తాయి. రంగు చూసి పేరు పెట్టేస్తే తప్పులో కాలేసినట్టే. ఆకారం, కదలిక కూడా చూడాలి. కొలాజెన్‌కైతే రంగే అక్కర్లేదు. 900 నానోమీటర్ల లేజర్ వేస్తే సరిగ్గా సగం, 450 దగ్గర వెలుగు ఇస్తుంది. తొడుగు పోగులు పోగులుగా అల్లుకోవడం అలాగే చూస్తాం.

అపోహ: వాపు పెంచే ఎం1 రకం మాక్రోఫేజ్ చెడ్డది, గాయం మాన్పే ఎం2 రకం మంచిది.

వాస్తవం: ఒకే కణంలో రెండు రకాల గుర్తులూ దొరుకుతాయి. మాన్పే కణాలే అదేపనిగా పనిచేస్తూ పోతే తొడుగు మందమవుతుంది.

అపోహ: పెట్ స్కాన్‌లో ఇంప్లాంట్ దగ్గర మెరుపు కనిపిస్తే ఇన్ఫెక్షనే.

వాస్తవం: ఆ స్కాన్ చూపేది గ్లూకోజ్‌ను ఎక్కువగా లాక్కుంటున్న చోటును. క్రిములు లేకపోయినా మాక్రోఫేజ్‌లు చురుగ్గా ఉంటే అక్కడ మెరుస్తుంది. మోకాలి ఇంప్లాంట్ ఉన్నవాళ్లు ఆ ఒక్క రిపోర్టు చూసి బెంబేలెత్తవద్దు, అలాగని పక్కన పడేయనూ వద్దు. రక్తపరీక్షలు, కీలులోంచి తీసిన ద్రవం పరీక్ష కలిపి చూశాకే డాక్టర్లు తేలుస్తారు.