సరుకుల ఓడ ముసుగులో తోడేలు

2023లో ఇరాన్ రివల్యూషనరీ గార్డ్స్ ఒక కంటైనర్ ఓడను మార్చి, ‘షహీద్ మహ్దవీ’ పేరుతో తమ నౌకాదళంలో చేర్చుకుంది. చూడ్డానికి కొత్తగా ఉన్నా, ఇది పాత విద్యే. ఒకప్పుడు బొంబాయి గుమ్మం దాకా వచ్చిన విద్య.

ప్రైవేటు ఓడలకు శత్రు నౌకల్ని దోచుకునే లైసెన్సులు ఇవ్వడాన్ని 1856 నాటి పారిస్ ప్రకటన రద్దు చేసింది. అలాగైతే వర్తక నౌకనే నేవీలోకి తీసుకుంటే పోలా? 1907 హేగ్ ఒప్పందం దానికి ఒప్పుకుంటూనే షరతులు పెట్టింది: కెప్టెన్ ప్రభుత్వం నియమించిన అధికారి అయి ఉండాలి, సిబ్బంది సైనిక క్రమశిక్షణలో ఉండాలి, యుద్ధనౌక గుర్తులు పైకి కనబడాలి. అయితే పరాయి జెండాతో దగ్గరికి వెళ్లి, పేల్చే ముందు సొంత జెండా ఎగరేయడం మాత్రం ఎప్పటినుంచో చెల్లుతున్న యుద్ధతంత్రం. కిటుకంతా ఇక్కడే ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ, హన్సా కంపెనీ సరుకుల ఓడ ‘వాఖ్ట్‌ఫెల్స్’ను ‘వోల్ఫ్’గా మార్చింది. అంటే తోడేలు. నడక నత్తనడకే. కానీ ఫిరంగుల్ని ఉత్తుత్తి గోడల వెనక దాచారు. పొగగొట్టం, తెరచాప కొయ్యల ఎత్తు మార్చి ఆకారమే మార్చేసేవారు. లోపల 450కి పైగా మైన్లు (ఓడ తగిలితే పేలే సముద్రపు మందుపాతరలు), నీటి మీద దిగే ఒక బుల్లి విమానం, అంటే సీప్లేన్. దాని ముద్దుపేరు తోడేలు పిల్ల.

1916 నవంబరు 30న జర్మనీ రేవు కీల్ నుంచి బయల్దేరి కేప్‌టౌన్, కొలంబో, బొంబాయి దగ్గర మైన్లు చల్లింది. కొలంబో దగ్గర 1917 ఫిబ్రవరిలోనే ‘వోర్సెస్టర్‌షైర్’ అనే ఓడ మునిగింది. బొంబాయి దగ్గర ‘మంగోలియా’ మునిగింది జూన్‌లో! అప్పటికి వోల్ఫ్ పసిఫిక్‌లో ఉంది.

ఫిబ్రవరి చివర్లో అరేబియా సముద్రంలో ‘టరిటెల్లా’ అనే బ్రిటిష్ ఓడను పట్టుకున్నారు. తీరా చూస్తే అదీ ఒకప్పటి హన్సా ఓడే, బ్రిటన్ లాక్కున్నది. దానికీ మైన్లెక్కించి ఏడెన్‌కు పంపారు. కొద్ది రోజులకే బ్రిటిష్ యుద్ధనౌక ఎదురుపడేసరికి, జర్మన్లే దాన్ని ముంచేశారు.

జూన్‌లో పసిఫిక్‌లోని కెర్మడెక్ దీవుల దగ్గర ‘వైరూనా’ అనే ఓడ మీద వోల్ఫ్ సీప్లేన్ నుంచి ఓ చీటీ పడింది: వైర్‌లెస్ వాడొద్దు, చెప్పిన దిక్కుకు రండి. ఆ వెంటనే ఓడ ముందు బాంబు. ఇంకేం, కెప్టెన్ చెప్పినట్టే విన్నాడు.

మొత్తం 451 రోజులు సముద్రంలో గడిపి, 400 మందికి పైగా బందీలతో 1918 ఫిబ్రవరిలో వోల్ఫ్ కీల్ చేరింది. యుద్ధం ముగిశాక ఫ్రాన్స్‌కు దక్కి, ‘ఆంటినూస్’ పేరుతో మళ్లీ సరుకులు మోసింది.