కొలత తప్పితే కోతలు పెంచినా లాభం లేదు

ఒక మండలంలో ఈ ఏడాది వరి ఎకరానికి ఎంత పండింది? రైతును అడిగితే బస్తాల్లో చెబుతారు. కానీ ఆ అంకె మీద కౌలు, అప్పు, పంటల బీమా ఆధారపడి ఉన్నప్పుడు, అడిగినవారిని బట్టి జవాబు కాస్త అటూ ఇటూ కావడం సహజం. అందుకే మన దేశంలో దిగుబడిని కోసి, తూచి తెలుసుకుంటారు. ఇదే పంట కోత ప్రయోగం.

చేను నైరుతి మూల నుంచి పొడవున ఎంత, వెడల్పున ఎంత నడవాలో యాదృచ్ఛిక సంఖ్యలు ముందే నిర్ణయిస్తాయి. అక్కడ 5 మీటర్ల చదరం గుర్తించి, మేకులు పాతి, తాడు కట్టి కోస్తారు. పైరు పడిపోయి ఉన్నా సరే, అక్కడే కోయాలి. ఎంపిక మనిషికి వదిలితే చూపు ఏపుగా పెరిగిన చోటికే పోతుంది.

చదరం అంత పెద్దది ఎందుకు? 1940లలో దీనిపై గట్టి వాదమే జరిగింది. భారతీయ గణాంక సంస్థను స్థాపించిన మహలనోబిస్ చిన్న కోతల వైపు మొగ్గారు. ఖర్చు తక్కువ, పని త్వరగా అవుతుంది. కానీ చిన్న కోతలు దిగుబడిని ఎక్కువ చేసి చూపిస్తాయని మరో గణాంక శాస్త్రవేత్త పి.వి. సుఖాత్మే చూపించారు. కారణం తాడు దగ్గరే ఉంది. సరిహద్దు మీద పడిన దుబ్బును కోసేవారి చేయి లోపలికే కలుపుతుంది. 1 మీటరు చదరంలో ఒక్క చదరపు మీటరుకు 4 మీటర్ల సరిహద్దు. 5 మీటర్ల చదరంలో 0.8 మీటరే. ఈ తప్పు ఎప్పుడూ ఒకవైపే మొగ్గుతుంది కాబట్టి, వేల కోతలు కోసినా సగటులో అలాగే మిగులుతుంది. సమాచారం సేకరించే ప్రతివారూ గుర్తుంచుకోవలసిన విషయం నా దృష్టిలో ఇదే.

అయితే మహలనోబిస్ మరో గొప్ప పద్ధతి ఇచ్చారు. ఒకే ప్రాంతానికి వేర్వేరు నమూనాలతో రెండు బృందాలను పంపి, ఫలితాలను పోల్చడం. తేడా మరీ ఎక్కువైతే క్షేత్రంలో ఏదో తప్పు జరిగిందని తెలుస్తుంది.

ఇంటి ఖర్చును మాత్రం తూచలేం, అడగాల్సిందే. అక్కడ చిక్కు జ్ఞాపకంతో. 1999–2000 జాతీయ నమూనా సర్వేలో తిండి ఖర్చు గత 7 రోజులకు ఎంత, గత 30 రోజులకు ఎంత అని రెండు ప్రశ్నలూ ఒకే కుటుంబాన్ని అడిగారు. ఒక జవాబు రెండో దాన్ని ప్రభావితం చేసి ఉంటుందన్న అనుమానంతో పేదరికం అంచనాలే వివాదంలో పడ్డాయి. 2009–10లో రెండు రకాల ప్రశ్నపత్రాలను వేర్వేరు కుటుంబాలకు ఇచ్చారు.