మస్తాన్‌వలి పేరులో పోయిన 8204

ప్రొద్దుటూరులో నా దగ్గర చదువుకున్న పిల్లోడు పోయిన వారం పెండ్లి పత్రిక తెచ్చినాడు. పెండ్లికొడుకు వాళ్లన్న. ఫోనులో 'మస్తాన్‌వలి' అని కొట్టి పంపితే అచ్చులో 'మస్తాన్వలి' అని వచ్చింది. న కింద వ ఒత్తు ఎక్కింది. "ఎవురూ మార్చకుండానే ఎట్ల మారింది సార్? పేరు చెడితే కీడని మా జేజి భయపడతాంది" అన్నాడు.

కీడేమీ లేదు. పోయింది ఒక్క సంఖ్య, 8204. పత్రిక వెనకనే రాసి చూపించినాను.

యూనికోడ్‌లో (ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్య ఇచ్చే పట్టిక అది) తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 గళ్లు ఉన్నాయి. త గడి 3108, న గడి 3112, పొల్లు గడి 3149. ఆ గళ్లన్నీ వెదికినా త ఒత్తు దొరకదు, వ ఒత్తు దొరకదు. ఒత్తులకు అసలు గళ్లే లేవు! స్త అంటే కంప్యూటరుకు స, పొల్లు, త, అంతే. తెరమీద గీసేటప్పుడు పొల్లు వెనకాలే హల్లు వస్తే, ఫాంటులోని పట్టిక చూసి ఆ హల్లును ఒత్తుగా మార్చి కింద తగిలిస్తుంది. బడిలో మనం ఒత్తులను వేరే అక్షరాల్లాగా బట్టీ పట్టిస్తాం. పొల్లు తర్వాత వచ్చిన హల్లే ఒత్తు అవుతుందని మొదటే చెబితే పిల్లలకు సగం బరువు తగ్గుతుందని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు పేరు చూడండి: 3118, 3128, 3149, 3108, 3134, 3112, 3149, 3125, 3122, 3135. ఇందులో 3149 రెండుసార్లు ఉంది. మొదటిచోట ఒత్తు కావాలి, రెండోచోట వద్దు. రెండు పొల్లులదీ ఒకే సంఖ్య అయినప్పుడు కంప్యూటరుకు తేడా ఎట్లా తెలియాలి? అందుకే రెండో పొల్లుకూ వ-కూ నడుమ 8204 పెడతారు. జీరో విడ్త్ నాన్ జాయినర్ అని దాని పేరు. దానికి రూపం లేదు, వెడల్పు లేదు. పొల్లునూ హల్లునూ కలవనీయకుండా అడ్డం నిలబడటమే దాని పని. మన దేశంలో 1991లో వచ్చిన ఇస్కీ అనే అక్షర సంఖ్యల ప్రమాణంలో ఈ పనికి వేరే గుర్తు లేదు, పొల్లునే రెండుసార్లు కొట్టాలి. ఆ ఉపాయం నాకు ఎంత ఇష్టమో!

అచ్చుకు పేజీలు కూర్చే పాత డీటీపీ ఫాంట్లలో ఉండేవి అక్షరాల బొమ్మలు. ఫోనులోని పాఠాన్ని వాటిలోకి మార్చేటప్పుడు 8204కు బొమ్మ లేదు కనుక మార్పిడి ప్రోగ్రాం దాన్ని వదిలేసి ఉంటుంది. అడ్డు తొలగగానే న, వ కలిసిపోయాయి. ఈ సంఖ్యలను కంప్యూటరులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఈ పేరు 33 బైట్లు ఉండాల్సింది 30 అయింది. కంటికి కనబడని అక్షరానికీ మూడు బైట్లే, త-కూ మూడు బైట్లే.

దీని తోడు 8205, అది కలిపేది. ర, పొల్లు తర్వాత అది పెడితే, సౌకర్యం ఉన్న ఫాంట్లలో పాత పుస్తకాల్లో ర-కు బదులు రాసే వలపలగిలక తర్వాతి హల్లుకు కుడిపక్కన వచ్చి కూర్చుంటుంది.

8204ను తేలిగ్గా తీసుకోకూడదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కూల్చిన తెలుగు అక్షరం గుర్తుందా? దాని వరస 3100, 3149, 3102, 8204, 3134. జ, పొల్లు, ఞ, కనబడని అడ్డు, దీర్ఘం. జ్ఞా అన్నమాట. దాన్ని గీయబోయి ఆప్‌లు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఐఓఎస్ 11.2.6లో ఆపిల్ ఆ తప్పును సరిచేసింది. తెలుగు అక్షరాల్లో ఏదో శాపముందన్నట్టు అప్పుడు కొందరు మాట్లాడితే నాకు బాధేసింది. తప్పు గీసే ప్రోగ్రాములోది, అక్షరానిది కాదు.

పిల్లోడు అంతా విని పత్రికను మళ్లీ ముందువైపు తిప్పినాడు. ఆహ్వానించేవాళ్ల వరసలో వేలు పెట్టి ఆగినాడు. అక్కడ వాళ్ల జేజి పేరు 'హుసేన్బీ' అని ఉంది. "సార్, ఈడ గూడా 8204 పోయింది" అన్నాడు.