ప్లగిన్ల మీద మా వరంగల్‌లో వినబడే అపోహలు, అసలు సంగతులు

హన్మకొండలో వెబ్‌సైట్లు చేసివ్వడం, చేసినవాటిని చూసుకోవడం నా పని. జూనియర్ కాలేజీలు, నర్సింగ్ హోంలు, ఫంక్షన్ హాళ్లు, ఎనుమాముల మార్కెట్ మిర్చి వ్యాపారులు, మేడారం జాతర దగ్గరపడితే ట్రావెల్స్ వాళ్లు. దాదాపు అందరివీ వర్డ్‌ప్రెస్ (సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్) సైట్లే. బాగుచెయ్యమని నా దగ్గరికి వచ్చే సైట్లలో వర్డ్‌ప్రెస్ సొంత కోడ్ వల్ల పడిపోయింది అరుదు. తొంగిచూస్తే ఏదో ఒక ప్లగినే, అంటే వర్డ్‌ప్రెస్‌కు అదనపు పనులు జోడించే చిన్న సాఫ్ట్‌వేరే, దొరుకుతుంది.

అపోహ: "మాది చిన్న కాలేజీ అన్నా, మా సైటును ఎవడు హ్యాక్ చేస్తడు?"

పనిగట్టుకొని ఎవడూ చెయ్యడు, బాట్ (తనంతట తాను సైట్లన్నీ తిరిగే ప్రోగ్రామ్) చేస్తుంది. దానికి మీ కాలేజీ పేరుతో పనిలేదు. మీ సైటు యాక్సెస్ లాగ్ (ఎవరు ఏ ఫైలు అడిగారో సర్వర్ రాసుకునే చిట్టా) ఒకసారి తెరిపించి చూడండి. ఒకే ఐపీ అడ్రస్ నుంచి, ఒకే నిమిషంలో, ఒక్కో ప్లగిన్ ఫోల్డర్‌లోని రీడ్‌మీ ఫైలును అడుగుతూ పోయిన వరుస కనబడుతుంది. అందులో చాలా ప్లగిన్లు మీ సైటులో ఎన్నడూ లేనివే, వాటన్నిటికీ 404, అంటే "లేదు" అన్న జవాబే. ఎక్కడో ఒకదానికి 200 ("ఉంది") వచ్చిందంటే వర్షన్ నంబర్ దానికి దొరికినట్టే. ఆ వర్షన్‌లో లోపమేంటో దానికి ముందే తెలుసు.

చిన్న సైటుతో వాళ్లకేం లాభమంటారా? కొత్తవాడలో దర్రీలు అమ్మే ఒకాయన సైటు తెరిస్తే నిక్షేపంగా ఉంది. గూగుల్‌లో వెతికితే మాత్రం అదే సైటు పేరు కింద జపాన్ అక్షరాలతో నకిలీ బ్యాగులు, వాచీల పేజీలు. గూగుల్‌కు ఒకటి, మనిషికి ఒకటి చూపించే రకం అది. ఇంకో రకం ఉంది: ఫోన్లో గూగుల్ నుంచి వచ్చినవాళ్లను మాత్రమే బెట్టింగ్ సైటుకు తోస్తుంది. ఆఫీసు కంప్యూటర్లో అడ్రస్ కొట్టి తెరిచే ప్రిన్సిపాల్ సార్‌కు అది జన్మలో కనబడదు.

అపోహ: "ఆ ప్లగిన్ డీయాక్టివేట్ చేసి పెట్టిన, ఇంకేం భయం?"

డీయాక్టివేట్ చేస్తే వర్డ్‌ప్రెస్ దాన్ని లోడ్ చెయ్యదు, అంతే. ఫైళ్లు సర్వర్ మీదే ఉంటాయి. ఏ ఫైలునైనా నేరుగా అడ్రస్ కొట్టి నడిపించగలిగితే, ప్లగిన్ ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా అన్నదానితో సంబంధం లేదు. 2020 సెప్టెంబర్‌లో ఫైల్ మేనేజర్ అనే ప్లగిన్‌లో జరిగింది ఇదే. 7 లక్షలకు పైగా సైట్లలో ఉన్న ప్లగిన్ అది. అందులో వాడిన ఎల్‌ఫైండర్ లైబ్రరీ (వేరేవాళ్లు రాసిన రెడీమేడ్ కోడ్)తో ఒక నమూనా ఫైలు వస్తుంది, నేరుగా నడవకుండా దాని పేరు చివర వేరే ముక్క తగిలించి ఉంటుంది. ప్లగిన్ చేసినవాళ్లు ఆ ముక్క తీసేసి పీహెచ్‌పీ (సర్వర్ నడిపించే కోడ్) ఫైలుగా మార్చారు. లాగిన్ అడిగేది లేదు, ఎవరైనా తమ ఫైలు ఎక్కించి నడుపుకోవచ్చు. 6.9 వర్షన్‌లో సరిచేశారు గానీ, అప్పటికే దాడులు మొదలయ్యాయి. అసలు సీప్యానెల్లో (హోస్టింగ్ వాళ్లిచ్చే కంట్రోల్ ప్యానెల్) ఫైల్ మేనేజర్ ఉండగా సైటులో ఇంకోటి ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. వాడనిది డిలీట్ చెయ్యండి. పాత థీములు (సైటు రూపాన్నిచ్చే ఫైళ్లు) కూడా.

అపోహ: "లక్షల మంది వాడుతున్నరు, ఫైవ్ స్టార్ రేటింగ్ ఉంది"

2024 ఆగస్టులో లైట్‌స్పీడ్ క్యాష్‌లో పెద్ద లోపం బయటపడింది. 50 లక్షలకు పైగా సైట్లలో ఉన్న ప్లగిన్. అదే ఏడు నవంబర్‌లో రియల్లీ సింపుల్ సెక్యూరిటీ, 40 లక్షల సైట్లు. పేరే సెక్యూరిటీ! రెండంచెల లాగిన్ ఆన్ చేసుకున్నవాళ్ల సైట్లలోకే పాస్‌వర్డ్ లేకుండా దూరే దారి ఏర్పడింది. అయినా ఇలాంటి పెద్దవాటి గురించి నాకు బెంగ తక్కువ. చూసే కళ్లు ఎక్కువ, మరమ్మతు వెంటనే వస్తుంది.

నాకు భయం చేతులు మారే ప్లగిన్లంటే. డిస్‌ప్లే విడ్జెట్స్ అని ఉండేది, సుమారు 2 లక్షల సైట్లలో. రాసినాయన అమ్మేశాడు. కొన్నవాళ్లు 2017లో అప్‌డేట్ల రూపంలోనే స్పామ్ కోడ్ పంపారు. బుద్ధిగా అప్‌డేట్ నొక్కినవాళ్లకే అది చేరింది. వర్డ్‌ప్రెస్ వాళ్లు చివరికి దాన్ని తీసేశారు. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: ప్లగిన్‌ను వర్డ్‌ప్రెస్ వాళ్ల ప్లగిన్ల జాబితా (డైరెక్టరీ) నుంచి తీసేసినంత మాత్రాన మీ సైటు నుంచి పోదు. అప్‌డేట్లు ఆగిపోతాయి, అంతే. అది చూసి అంతా తాజాగా ఉందనుకుంటాం. నేను నెలకోసారి ప్రతి ప్లగిన్ పేజీ తెరిచి, చివరి అప్‌డేట్ ఎప్పుడో, పేజీ మూసేశారేమో చూస్తాను. విసుగు పుట్టించే పనే.

అపోహ: "స్లైడర్ (బొమ్మలు మారే పట్టీ) థీమ్‌తోనే వచ్చింది, ప్రీమియం ప్లగిన్ ఫ్రీగా దొరికింది"

పైసలిచ్చి కొనాల్సిన ప్రీమియం ఫ్రీగా దొరికిందంటే అది దొంగ కాపీ, చెప్పేదేం లేదు, తీసెయ్యండి. థీమ్‌తో వచ్చినది వేరే గొడవ. 2014లో రెవల్యూషన్ స్లైడర్ లోపం బయటపడ్డప్పుడు, అది తమ సైటులో ఉన్నట్టే చాలామందికి తెలియదు. థీమ్ చేసినవాళ్లు కొత్తది పెట్టి ఇస్తేనే అది మారేది.

అపోహ: "అప్‌డేట్ కొట్టినం, ఇక పీడ పోయింది"

అప్‌డేట్ దారి మూస్తుంది, లోపలికొచ్చినవాడిని బయటికి పంపదు. 2018లో డబ్ల్యూపీ జీడీపీఆర్ కంప్లయన్స్ ప్లగిన్ లోపంతో దాడి చేసినవాళ్లు, ఎవరైనా రిజిస్టర్ కావచ్చని సెట్టింగ్ మార్చి, కొత్తగా చేరేవాళ్లకు అడ్మిన్ హోదా దక్కేలా పెట్టారు. తర్వాత ప్లగిన్ సరిచేసినా ఆ అడ్మిన్ ఖాతా అక్కడే కూర్చుంటుంది. అందుకే ముందు యూజర్ల జాబితా చూస్తాను. తర్వాత అప్‌లోడ్స్ ఫోల్డర్. ఫొటోలు, పీడీఎఫ్‌లు ఉండాల్సిన చోట పీహెచ్‌పీ ఫైలు కనబడితే అనుమానించాల్సిందే. ఎంయూ-ప్లగిన్స్ ఫోల్డర్ కూడా వదలను, అందులోవి మామూలు ప్లగిన్ల వరుసలో కనబడవు. ఆఖర్న పాస్‌వర్డులు మార్చి, కాన్ఫిగ్ ఫైలులోని రహస్య కీలు కూడా మారిస్తే, దొంగ లాగిన్లతో సహా అందరూ బయట పడతారు. అదే సీప్యానెల్లో "ఓల్డ్", "టెస్ట్" అని పడి ఉన్న సైటు కాపీలను వదిలేస్తే మళ్లీ వారంలోగా మొదటికే వస్తుంది.

అపోహ: "సైటు అడ్రస్ పక్కన తాళం గుర్తు ఉంది కదా"

అది మీ బ్రౌజర్‌కు, సర్వర్‌కు నడుమ రాకపోకలకు కాపలా. ప్లగిన్‌తో దానికి సంబంధం లేదు.

అపోహ: "హోస్టింగ్ వాళ్లు చూసుకుంటరు"

వాళ్లు చూసేది సర్వర్. ప్లగిన్ మీది. మా దగ్గర పద్ధతేమో ఒక్కసారి పైసలిచ్చి సైటు చేయించుకోవడం, ఆ తర్వాత ఎవరి దారి వారిది. ప్రీమియం ప్లగిన్ లైసెన్సేమో సైటు చేసిన కుర్రాడి మెయిల్ మీద ఉంటుంది. ఆయన హైదరాబాద్‌లో ఉద్యోగానికి పోతాడు, లైసెన్స్ గడువు తీరుతుంది, అప్‌డేట్లు ఆగుతాయి. కాబట్టి సైటు చేతికి తీసుకునే రోజే ప్లగిన్ల జాబితా, మీ మెయిల్ మీద లైసెన్సులు, అప్‌డేట్లు ఎవరు చెయ్యాలన్నది కాగితం మీద రాయించుకోండి. అది చేతికొచ్చేదాకా ఆఖరి పైసలు ఆపండి.