ఆకుమచ్చ తెగుళ్లు: మిద్దెతోటల్లో, బోన్సాయ్ కుండీల్లో వినిపించే అపోహలు – వాస్తవాలు

గులాబీ ఆకు మీద నల్లమచ్చ కనబడగానే ఒక చెంచా సాఫ్ పౌడర్ (కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిసిన ఫంగస్ మందు), ఒక మగ్గు నీళ్లు. మిద్దెతోటల్లో జరిగే వైద్యం చాలావరకు ఇంతే. రెండు వారాలయ్యాక "మందు పనిచేయలేదండీ" అంటారు. ఏ మందు ఏం చేయగలదో, ఏది చేయలేదో తెలియకపోతే ఎంత ఖరీదైన డబ్బా కొన్నా ఇదే మాట.

అపోహ: ఆకు మీద ఏ మచ్చ కనిపించినా అది ఫంగస్సే.

మచ్చను ముందు వేలితో తడమండి, తర్వాత భూతద్దంలో చూడండి. పది రూపాయల పిల్లల భూతద్దమైనా చాలు.

బోస్టన్ ఫెర్న్ ఆకు వెనక గోధుమరంగు చుక్కలు అంచు వెంట కొలిచి పెట్టినట్టు వరుసగా ఉంటాయి. అవి ఫెర్న్ సిద్ధబీజాల గుత్తులు. తెగులు అంత క్రమశిక్షణగా రాదు. ఫైకస్ బోన్సాయ్ ఆకు పైన అంచుల దగ్గర సన్నటి తెల్ల చుక్కలుంటాయి, గోటితో గీరినా పోవు. ఆకు కణాల్లో చేరిన కాల్షియం కార్బోనేట్ అది, పుట్టుకతో వచ్చిందే. అదే ఫైకస్‌లో లేత ఆకు పర్సులా మధ్యకి మడుచుకుని, మీద ఊదా ఎరుపు చుక్కలుంటే మడత విప్పి చూడండి. లోపల సన్నటి నల్ల తామర పురుగులు పరుగెడతాయి. ఆ ఆకులు తెంపి కవర్లో కట్టి పారేయాలి. ఫంగస్ మందు వాటిని ఏమీ చేయదు.

మందారం, నిమ్మ ఆకుల మీద నల్లటి మసి తడిగుడ్డతో తుడిస్తే పోయి, కింద ఆకు పచ్చగానే కనిపిస్తుంది. అది మసి తెగులు. పిండినల్లి, పేనుబంక, పొలుసు పురుగు విసర్జించే తీపి జిగురు మీద పెరిగే బూజు. పురుగు పోతే మసి తనే పోతుంది. అంచులు మాత్రమే ఎండి గోధుమరంగుకి తిరిగితే, ముందు బోరు నీళ్ల ఉప్పునీ ఎరువు మోతాదునీ అనుమానించండి.

అసలైన గులాబీ నల్లమచ్చ ఇలా ఉంటుంది: కింది ఆకుల్లో మొదలవుతుంది. మచ్చ గుండ్రంగానే ఉన్నా అంచు నునుపుగా ఉండదు, సిరా బొట్టు కాగితం మీద పీల్చుకున్నట్టు పీచులు పీచులుగా ఉంటుంది. చుట్టూ పసుపు తిరుగుతుంది, ఆకు రాలిపోతుంది.

అపోహ: మందు కొడితే మచ్చలు మాయమవుతాయి.

మచ్చ ఉన్న చోట ఆకు కణాలు చచ్చిపోయాయి. వాటిని పచ్చగా మార్చే మందు లేదు. మందు పనిచేసిందో లేదో తెలియాలంటే, కొట్టిన రోజున శుభ్రంగా ఉన్న చివరి ఆకు కింద కొమ్మకి ఒక దారం కట్టండి. దారానికి పైన వచ్చే ఆకుల్లో మచ్చ లేకపోతే పనిచేసినట్టే.

ఫంగస్ మందుల్లో మాంకోజెబ్, కాపర్ ఆక్సీక్లోరైడ్ ఆకు పైనే పొరలా ఉండి, ఫంగస్ బీజం మొలకెత్తకుండా ఆపుతాయి. అందుకే వానాకాలం మొదట్లోనే, మచ్చ రాకముందు కొట్టాలి. కార్బెండజిమ్, హెక్సాకోనజోల్ ఆకులోకి ఇంకి, నీటి ప్రవాహంతో కొసల వైపు కదులుతాయి. పైకొమ్మ మీద కొట్టి కింది ఆకులకి దిగుతుందనుకోవద్దు. పిచికారీ తర్వాత విప్పుకునే చిగురు మీద మాంకోజెబ్ పొర ఉండదు. 7–10 రోజులకి మళ్లీ కొట్టమనేది అందుకే.

అపోహ: తడి ఉంటేనే తెగులు, కాబట్టి ఆకు తడవకపోతే చాలు.

సగం నిజం. నల్లమచ్చ బీజం మొలకెత్తి ఆకులోకి దూరాలంటే ఆకు దాదాపు 7 గంటలు ఆపకుండా తడిగా ఉండాలి. సాయంత్రం ఆరింటికి పైపుతో తల మీద నీళ్లు కొడితే, వానాకాలంలో ఆ తడి పొద్దున ఎండ వచ్చేదాకా ఆరదు. అంటే రోజూ దానికి కావాల్సిన సమయం మీ చేత్తోనే ఇస్తున్నట్టు. పొద్దున పూట, మొక్క మొదలు దగ్గర పోయండి.

బూడిద తెగులు దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. దాని బీజానికి నీటి బొట్టు అక్కర్లేదు, నిలిచిన నీళ్లు దానికి పడవు కూడా. రాత్రి గాలిలో చెమ్మ, పగలు పొడి, మధ్యస్థ చలి చాలు. డిసెంబరు, జనవరిలో గులాబీ చిగుర్లు ముడుచుకుని పిండి చల్లినట్టయ్యేది అందుకే. నీటిలో కరిగే గంధకం 80 శాతం పొడి, లీటరుకి 3 గ్రాములు బాగా పనిచేస్తుంది. ఎండ 32 డిగ్రీలు దాటే రోజుల్లో మాత్రం వద్దు, ఆకు మాడుతుంది.

గులాబీలోనే మూడోది ఉంది, బూజు తెగులు. ఆకు ఈనెలకి మధ్య కోణాలుగా ఊదారంగు మచ్చలు, ఆకులు జలజలా రాలడం. ఇది నిజమైన ఫంగస్ వర్గం కాదు, అందుకే కార్బెండజిమ్‌కి లొంగదు. మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు కావాలి.

అపోహ: మోతాదు కొంచెం ఎక్కువైతే తొందరగా తగ్గుతుంది.

చెంచా కొలత మానేయండి. ఒక్కో పొడి ఒక్కో బరువు తూగుతుంది. 0.1 గ్రాము చూపే చిన్న డిజిటల్ కాటా కొనండి. లీటరు నీటికి: మాంకోజెబ్ 75 శాతం పొడి 2–2.5 గ్రాములు, సాఫ్ 2 గ్రాములు, కార్బెండజిమ్ 50 శాతం 1 గ్రాము, కాపర్ ఆక్సీక్లోరైడ్ 3 గ్రాములు, హెక్సాకోనజోల్ 5 శాతం 2 మి.లీ. పొడిని నేరుగా డబ్బాలో వేస్తే గడ్డలు కట్టి నాజిల్ మూసుకుపోతుంది. కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, తర్వాత పలచన చేయండి. ఆకు వెనక వైపు కూడా తడవాలి. కలిపింది ఆ రోజే వాడేయాలి. మిగిలితే చేపల తొట్టి, తామర తొట్టి దరిదాపుల్లో పారబోయొద్దు, మాంకోజెబ్, రాగి చేపలకి విషం. మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి.

హెక్సాకోనజోల్ లాంటి ట్రైయాజోల్ మందులు మోతాదు మించితే కణుపులు దగ్గరై, ఆకులు ముదురుపచ్చగా, చిన్నగా వస్తాయి. "బోన్సాయ్‌కి అదే కదా కావాల్సింది" అని సంతోషించేవాళ్లున్నారు. ఎదుగుదల ఆగిన చెట్టు కత్తిరింపు దెబ్బ నుంచి కూడా తేరుకోదని మర్చిపోతారు.

ఏడాది పొడవునా ఒక్క కార్బెండజిమ్‌నే వాడితే దానికి లొంగని ఫంగస్ మిగిలి పెరుగుతుంది. ఒకసారి మాంకోజెబ్, మరోసారి హెక్సాకోనజోల్ లేదా అజాక్సీస్ట్రోబిన్, ఇలా మార్చాలి.

అపోహ: వంటింటి మందులతో నష్టమేమీ ఉండదు.

వంటసోడాలో ఉన్నది సోడియం. వారం వారం కొడితే లోతు తక్కువ బోన్సాయ్ పళ్లెంలో అది పేరుకుని వేళ్లనీ ఆకు అంచుల్నీ కాలుస్తుంది. వేపనూనె కొట్టాక రెండు వారాల్లోపు గంధకం కొడితే ఆకులు మాడతాయి. పాలకి మాత్రం కొంత ఆధారం ఉంది: ఒక వంతు పాలు, తొమ్మిది వంతుల నీళ్లు, వారానికోసారి, బూడిద తెగులు తొలిదశలో. నల్లమచ్చకి మాత్రం దాని మీద ఆధారపడొద్దు.

బోర్డో మిశ్రమం "సేంద్రియం" కాబట్టి మెత్తనిదని అనుకోవడం ఇంకోటి. 1 శాతానికి మైలుతుత్తం 10 గ్రాములు అరలీటరులో, సున్నం 10 గ్రాములు అరలీటరులో, రెండూ వేర్వేరు ప్లాస్టిక్ పాత్రల్లోనే కలిపి, మైలుతుత్తం నీళ్లని సున్నం నీళ్లలో పోస్తూ కలియబెట్టాలి. తళతళలాడే ఇనుప మేకు ఒక నిమిషం ముంచి తీయండి. ఎర్రటి రాగి పూత పడితే సున్నం చాలలేదు, అలాగే కొడితే చిగురు మాడిపోతుంది. ఇంకాస్త సున్నం పోసి మళ్లీ చూడాలి.

అపోహ: తెగులు సోకిన బోన్సాయ్‌కి ఆకులన్నీ కత్తిరిస్తే కొత్తగా వస్తుంది.

మొత్తం ఆకులు తీయడం ఆరోగ్యంగా, చురుగ్గా పెరుగుతున్న ఫైకస్‌కి చేసే పని. జబ్బుచెట్టుకి నిల్వ ఆహారం తక్కువ, అంత ఖర్చు భరించలేదు. మచ్చ ఎక్కువున్న ఆకుల్నే కాడ కొంచెం వదిలి కత్తిరించండి, కాడ తనే రాలుతుంది. ఒత్తుగా ఉన్న చోట లోపలి కొమ్మలు పలచన చేసి గాలి ఆడనివ్వండి. రాగి మందు కొట్టేటప్పుడు మట్టిని, నాచుని ప్లాస్టిక్ కవరుతో కప్పండి, కారిన రాగి నాచుని చంపి మట్టిలో పేరుకుంటుంది.

కడియం నర్సరీల నుంచి లారీలో ఒకదానికొకటి ఒత్తుకుని వచ్చిన మొక్కని నేరుగా పాత కుండీల మధ్య పెట్టకండి. రెండు వారాలు విడిగా ఉంచి, కింది ఆకులు రోజూ తిప్పి చూడండి. రాలిన ఆకులు కంపోస్టులో వేయకుండా కట్టి పారేయండి. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి వెళ్లే ముందు కత్తెరని 70 శాతం స్పిరిట్‌తో తుడవండి, బ్లీచ్ వాడితే తుప్పు పడుతుంది.