ష్రింక్ అంటే మొదట చిన్నదవడం కాదు

కొత్త కాటన్ చొక్కా మొదటి ఉతుక్కే పొట్టిదైపోతే 'ష్రింక్ అయింది' అని విసుక్కుంటాం. ఇంగ్లీషులో ఈ మాటకు వెయ్యేళ్లు దాటాయి. పాత ఇంగ్లీషు రూపం 'ష్రింకన్' (scrincan). అప్పట్లో దాని అర్థం వడిలిపోవడం, ముడుచుకుపోవడం. పదో శతాబ్దం చివర్లో సువార్తలను ఆ భాషలోకి తెచ్చినప్పుడు, రాతినేల మీద పడ్డ విత్తనం మొలకెత్తి, వేరు లేక ఎండిపోయిందని చెప్పేచోట ఈ ధాతువునే వాడారు. స్వీడిష్‌లో దీని చుట్టం 'స్క్రింకా'. అంటే ముడత. భయంతోనో సిగ్గుతోనో వెనక్కి తగ్గే మనిషికి కూడా ఈ మాట వాడటం ఆ ముడుచుకోవడంలోంచే వచ్చింది.

బట్ట సంగతికి ఈ పాత అర్థమే బాగా అతుకుతుంది. మిల్లులో నేసేటప్పుడు, ఆ తర్వాత రంగులద్ది ఆరబెట్టేటప్పుడు పోగుల్ని లాగిపట్టి ఉంచుతారు. బట్ట ఆ సాగిన స్థితిలోనే ఇస్త్రీ అయి కొట్టుకు చేరుతుంది. నీళ్లు తగలగానే పత్తి పీచు ఉబ్బుతుంది. లావెక్కిన పేక (అడ్డం) పోగుల్ని చుట్టిరావడానికి పడుగు (నిలువు) పోగు ఎక్కువ వంపులు తిరగాలి, దాంతో బట్ట పొడవు తగ్గుతుంది. పోగు ఎక్కడికీ పోలేదు, బిగువు వదిలి దగ్గరికి జరిగిందంతే. బ్లౌజు లైనింగ్ గుడ్డను ముందే తడిపి ఆరేసి కుట్టడం ఇందుకే. అదే పనిని ఫ్యాక్టరీలో యంత్రంతో చేయించే పద్ధతికి అమెరికాలో శాన్‌ఫర్డ్ క్లూయెట్ 1930లో పేటెంటు పొందాడు. 'శాన్‌ఫరైజ్డ్' అన్న ముద్రలో ఉన్నది ఆయన పేరే.

అన్నిటికన్నా విచిత్రం, అమెరికన్లు సైకియాట్రిస్టును 'ష్రింక్' అనడం. ఇది 'హెడ్‌ష్రింకర్', అంటే తలలు కుదించేవాడు అన్న వెటకారానికి పొట్టి రూపం. 1950ల నాటి ఆ వెటకారం, అరవైల్లో ఇలా తెగి మిగిలింది. దాని వెనక ఈక్వెడార్, పెరూ అడవుల్లోని షువార్ తెగ ఉంది. వాళ్లు శత్రువు తల చర్మాన్ని పుర్రె నుంచి ఒలిచి, వేడినీళ్లలో ఉంచి, కాల్చిన రాళ్లు, వేడి ఇసుక లోపల పోసి పిడికిలంత చేసేవారు. ఎముక ముడుచుకోదు కాబట్టి పుర్రెను పారేసేవారు. చర్మంలోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ మాత్రం వేడికి పేట విడిపోయి ముడుచుకుంటుంది. కూరలో మటన్ ముక్క చిన్నదవడంలో దీని పనీ ఉంది, నీరు దిగిపోవడమూ ఉంది. డాక్టర్ దగ్గరికి వెళ్లడానికే జంకే మనిషికి ఈ ముద్దుపేరు ధైర్యమిస్తుందని నేననుకోను.

వ్యాపారంలో మాత్రం నిజంగా సరుకు తగ్గితేనే ఈ మాట. సూపర్‌మార్కెట్ లెక్కల్లో 'ష్రింకేజ్' అంటే పుస్తకంలో ఉండి అరలో లేని సరుకు: దొంగలెత్తుకుపోయింది, పాడైపోయింది, బిల్లులో తప్పిపోయింది. ధర అంతే ఉంచి బిస్కెట్ ప్యాకెట్ బరువు తగ్గిస్తే దానికి 'ష్రింక్‌ఫ్లేషన్' అని ఈమధ్య ఇంకో పేరు పెట్టారు.